ఆరిందనుకున్నాక

మా డెల్టాలో గడ్డిని ఎవరూ పెద్దగా లెక్కచేయరు. దాని విలువ తెలియాలంటే ఎండాకాలం వినుకొండ, దొనకొండ వైపు వెళ్లాలి. అవన్నీ వాన మీద బతికే చేలు. ఒక్క ఏడు వాన మొహం చాటేస్తే పశువు ముందు వేయడానికి పరక ఉండదు. 2002లో దేశమంతా వర్షాలు ఎగ్గొట్టాయి. ఆ మరుసటి వేసవికి పల్నాడు, ప్రకాశం మెట్ట ఊళ్లలో రైతులు పశువుల్ని వచ్చిన ధరకు సంతలో వదిలించుకుంటున్నారు. వదిలించుకోలేని వాళ్లు గడ్డి కోసం మా వైపు చూస్తున్నారు. అప్పుడే నేనూ మా బావా ఆ వ్యాపారంలో దిగాం. రేపల్లె, తెనాలి మధ్య ఊళ్లలో వాములు బేరమాడి కొనడం, లారీకెత్తించడం, పైకి తోలి మోపుల లెక్కన అమ్మడం. ఇద్దరం కౌలు రైతులమే. పెట్టుబడి మొత్తం వడ్డీకి తెచ్చింది.

గడ్డి లోడు రోడ్డు మీద వస్తుంటే లారీ కనపడదు, గడ్డే కనపడుతుంది. బాడీకి వాసాలు కట్టి, మోపులు నాలుగు వైపులా బయటికి పేర్చుకుంటూ పోతారు. క్యాబిన్ మీదికి కూడా వాలుతుంది. పైన మోకులు బిగిస్తారు. అప్పటి నిబంధనల ప్రకారం లోడుతో కలిపి లారీ ఎత్తు 3.8 మీటర్లు దాటకూడదు. రోడ్డును అడ్డంగా దాటే కరెంటు తీగ, ఇళ్లకు పోయే మామూలు లైనైనా సరే, నేలకు కనీసం 5.8 మీటర్ల ఎత్తున ఉండాలి. కాగితం మీద ఈ రెండింటి మధ్యా మనిషి నిటారుగా నిలబడేంత జాగా ఉంది. నిజంలో మా లోడు ఐదు మీటర్లకు తగ్గేది కాదు, ఊళ్లలో తీగలేమో కిందికి జారి ఉండేవి. అల్యూమినియం తీగ ఎండకు సాగుతుంది. వాడకం పెరిగి కరెంటు ఎక్కువ పారితే ఆ వేడికి ఇంకాస్త సాగుతుంది. స్తంభం ఒక పక్కకు ఒరిగిందంటే ఇక చెప్పక్కర్లేదు.

అందుకే ప్రతి గడ్డి లారీ మీదా ఒక మనిషి ఉంటాడు. చేతిలో చివర పంగ ఉన్న ఎండు వెదురు గడ. తీగ దగ్గరికి రాగానే బోర్లా పడుకుని, దాన్ని పంగలో పట్టి లేపి, లోడు కిందుగా జరిగిపోయాక వెనకవైపు వదలాలి. ఆ పని నేనే చేసేవాణ్ణి. వేరే మనిషిని పెడితే కూలి ఇవ్వాలి కదా.

ఆ రోజు లోడెత్తడం అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. ఏప్రిల్ ఎండ. మా బావ క్యాబిన్లో కూర్చున్నాడు. డ్రైవరు నరసరావుపేట మనిషి, మా ఇద్దరి కంటే పెద్దవాడు, బాబాయ్ అని పిలిచేవాళ్లం. ఒక ఊరి నడిబొడ్డున రోడ్డు సన్నబడింది. రెండు పక్కలా తాటాకు ఇళ్లు, వాటిని ఆనుకుని పశువుల పాకలు. నాలుగు తీగల లైనొకటి రోడ్డు దాటుతోంది. బాబాయి బండి ఆపాడు. క్లీనరు కుర్రాడు దిగి చూసి పోనీమన్నాడు. నేను కింది తీగను లేపాను. అది నా నెత్తి మీదుగా మెల్లగా వెనక్కి జరిగింది. సరిగ్గా అప్పుడే పైరగాలి ఒక్క విసురు విసిరింది. వదులుగా వేలాడుతున్న తీగలు ఊగి, నాకు ఆరడుగుల అవతల, ఒకదానికొకటి కొట్టుకున్నాయి.

చెవులు గింగుర్లెత్తాయి. తీగ కరిగి బొట్లు బొట్లుగా గడ్డి మీద రాలడం నా కళ్లారా చూశాను. కళ్లు చెదిరే తెలుపు. బొట్టు పడ్డ చోట వెంటనే మంట రాలేదు. ఒక నల్ల చుక్క, దాని చుట్టూ సన్నటి పొగ. పాకుతూ పోయి అరచేత్తో ఒకదాన్ని అణిచాను. అది ఆరింది. తలెత్తి చూసేసరికి పక్కన మూడు చోట్ల మంట లేచి ఉంది. నాలుగోది నా మోకాలి కింద రాజుకుంది.

వరిపరక లోపల బోలు. మోపుకట్టలోనూ సందులే. మంటకు కాలే వస్తువు, గాలి, వేడి కావాలని బళ్లో చెప్తారు. గడ్డిమోపు మొదటి రెండింటినీ కలిపి కట్టిపెట్టుకుని మూడోదాని కోసం కాచుకుని ఉంటుంది. లెక్కపెట్టుకునేంత సేపట్లోనే వెనక భాగమంతా అంటుకుంది. గాలి వెనకనుంచి ముందుకి వీస్తోంది, నేను ముందున్నాను. నాది టెర్లిన్ చొక్కా. నూలు బట్ట అయితే కాలి రాలిపోతుంది. టెర్లిన్ కరిగి ఒంటికి అతుక్కుంటుంది. వీపు మీద ఎవరో వేడి జిగురు పూసినట్టయింది. దాన్ని లాగబోయిన కుడి చేతికి కూడా అంటుకుంది. దూకేశాను. ఎడమ మడమ విరిగిందని తర్వాత తెలిసింది, అప్పుడు తెలియలేదు.

కింద పడి దుమ్ములో దొర్లాను. అది ఎవరూ నేర్పింది కాదు, నొప్పికి దొర్లానంతే. దొర్లితే మంటకు గాలి తగలదని తర్వాత డాక్టరు చెప్పాడు. లేచి పరిగెత్తి ఉంటే మొహం, జుట్టు కూడా పోయేవట.

ఆ తర్వాత లారీ సంగతి నేను సగమే చూశాను, మిగతాది చూసినవాళ్లు చెప్పింది. ఊరివాళ్లు బిందెలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. నీళ్లు పోయబోతుంటే బాబాయి కిటికీలోంచి అరిచాడట, తీగల కింద నీళ్లు పొయ్యొద్దని. లైనులో ఇంకా కరెంటుంది. నీటి ధార తీగకు తగిలితే బిందె పట్టుకున్నవాడు అక్కడే పడిపోతాడు. ఎవరో కుర్రాడు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పరిగెత్తాడు. వాడు కరెంటు తీసేదాకా బాబాయి ఆగలేదు. మా బావను దిగమని తోసేసి, మండుతున్న లోడుతోనే లారీని ముందుకి కదిలించాడు.

కదిలే బండికి గాలి ఎక్కువ తగులుతుంది, మంట ఇంకా పెరుగుతుంది. అది తెలియని డ్రైవరు ఉండడు. కానీ ఆగితే రెండు పక్కలా తాటాకు. ఊరు దాటగానే కాలువ ఉంది. అందరూ 'కాలువలోకి, కాలువలోకి' అని కేకలేశారట. కాలువలో నీళ్లెక్కడివి? ఏప్రిల్లో మాకు కాలువలు కట్టేస్తారు. అడుగున నెర్రెలిచ్చిన బురద ఉంది, అంతే. ఊళ్లో ఉన్న నీళ్లల్లా మంచినీళ్ల చెరువులో ఉన్నాయి, దాని గట్టు మీదికి లారీ ఎక్కదు. బాబాయి కాలువ వంతెన దాటించి, మినుము పీకేసిన మాగాణిలోకి స్టీరింగు తిప్పాడు. నేలంతా ఖాళీ. మధ్యదాకా తోలి, ఇంజను కట్టేసి దూకాడు. ఎడమ మోచెయ్యి కాలింది. క్యాబిన్ అద్దం అప్పటికే పగిలింది.

దారి పొడుగునా మండే మోపులు రాలాయి. ఒక మోపు పశువుల పాక చూరు కింద పడింది. ఊరి మీద మంట ఎలా ఆపాలో పల్లెల్లో పెద్దవాళ్లకు తెలుసు, వాళ్ల చిన్నప్పుడు ఏ వేసవీ ఏదో ఒక వాడ తగలబడకుండా పోలేదు. మండుతున్న పాకను వాళ్లు పట్టించుకోలేదు. దాని పక్కన ఇంకా అంటుకోని ఇంటి మీదకెక్కి తాటాకు పీకి కింద పారేశారు. ఆ అవతలి ఇంటి కప్పు మీద తడిపిన గోనెసంచులు పరిచారు, అరటి బోదెలు నరికి పైకి విసిరారు. ఆడవాళ్లు పచ్చి వేపమండలతో నేల మీది నిప్పును బాదారు. ఉన్న బిందెడు నీళ్లను మంట మీద కాక, మంట రాబోయే చోట పోశారు. పాకలోని గేదెను పలుపు కోసి తోలారు. పాక పోయింది. ఇల్లు ఒక్కటీ పోలేదు, కప్పు పీకేసిన ఆ ఒక్కటి తప్ప. ఆ ఇంటావిడ తర్వాత మా బావ దగ్గరికొచ్చి తాటాకు డబ్బులు అడిగింది. అడగడం న్యాయమే, ఇచ్చాం.

నన్ను రావిచెట్టు కింద కూర్చోబెట్టారు. ఒకావిడ గిన్నెతో దోసెల పిండి తెచ్చింది. ఇంకెవరో సిరా అన్నారు, టూత్‌పేస్టు అన్నారు. పిండి చల్లగా ఉంటుందని నాకూ రాయించుకోవాలనే ఉంది. ఆ ఊరి ఆర్‌ఎంపీ సైకిలు మీద వచ్చి ఆ గిన్నె పక్కన పెట్టించి, నన్ను చేతిపంపు కింద కూర్చోబెట్టాడు. కుర్రాళ్లు వంతులవారీగా కొడుతుంటే నీళ్లు వీపు మీద పడుతూనే ఉన్నాయి. నేను ఇక చాలంటుంటే ఆయన చాలదన్నాడు. 'మంట పైన ఆరింది, లోపల ఇంకా ఉడుకుతోంది' అన్నాడు. ఆ మాట నాకు అప్పుడు బుర్రకెక్కలేదు. మాంసంలోకి దిగిన వేడి వెంటనే బయటికి పోదట. చల్లార్చకపోతే అది ఇంకా లోపలికి తినుకుంటూ పోతుంది. ఇరవై నిమిషాలన్నా నీళ్లు పారాలి, ఐసు పనికిరాదు. వీపుకు అతుక్కున్న చొక్కాను ఆయన పీకలేదు, చుట్టూ కత్తిరించి వదిలేశాడు. ఉతికిన పంచె ఒకటి తడిపి కప్పి, ఆటోలో పడుకోబెట్టి పంపాడు. పెద్దాసుపత్రిలో మొదట అడిగింది ఇదే, ఏం రాశారని. ఏమీ రాయలేదంటే డాక్టరు మొహంలో కాస్త తేట వచ్చింది.

ఫైరింజన్ టౌను నుంచి రావాలి, వచ్చేసరికి చాలాసేపే అయింది. బండిలో తెచ్చిన నాలుగైదు వేల లీటర్ల నీళ్లు నిమిషాల్లో అయిపోయాయి. పైమంట పడిపోయింది. చూస్తున్న జనం ఆరిపోయిందని ఇళ్లకు మళ్లారట. ఫైరు వాళ్లు మాత్రం కదల్లేదు. దగ్గర్లో ఉన్న చేపల చెరువులోకి గొట్టం వేసి మళ్లీ నింపుకున్నారు. మా బావ వాళ్లతోనే ఉండి, ఆసుపత్రిలో నా మంచం పక్కన కూర్చుని ఇదంతా చెప్పాడు. గడ్డి మంట మీద నీళ్లు ఎందుకు పనిచేయవో ఆయనకు అక్కడే తెలిసింది. ఇంటి కప్పుకు గడ్డి ఎందుకు వేస్తాం? వాన లోపలికి దిగకుండా జారిపోవాలని. ఫైరింజన్ నీళ్లు కూడా అలాగే జారిపోయాయి. పరక పైపొర నునుపు, నీటిని పట్టదు. పైన తడి, అడుగున బురద, మధ్యలో నిప్పు. లీడింగ్ ఫైర్‌మన్ ఊళ్లో కొట్టు నుంచి బట్టలు ఉతికే సబ్బు పొడి తెప్పించి బకెట్లలో కలిపించాడట. సబ్బు నీళ్లయితే పరక మీద నిలిచి లోపలికి దిగుతాయి. అయినా అది మొత్తం లోడుకు చాలే పని కాదు.

చివరికి చేసింది ఊడదీయడమే. దోటీలు తెచ్చి, పొడుగాటి వాసాలకు కొక్కేలు కట్టి, మోపుల్ని ఒక్కొక్కటే కిందికి లాగారు. ప్రతి మోపునూ విప్పి, పరిచి, అప్పుడు తడిపారు. విప్పినప్పుడల్లా గాలి తగిలి భగ్గుమనేది. విప్పకపోతే ఆరదు, విప్పితే మండుతుంది. పక్కన గొట్టం పట్టుకుని ఒకడు సిద్ధంగా ఉంటేనే విప్పాలి. రాత్రంతా అదే పని. తెల్లవారుజామున ఫైరింజన్ వెళ్లిపోయాక, ఒక మూల కుప్పగా మిగిలిన తడిగడ్డి మధ్యాహ్నానికి మళ్లీ పొగలు కక్కింది. ఈసారి ట్రాక్టరుకు గొర్రు కట్టి ఆ కుప్పను చేను నిండా ఈడ్చి పరిచేశారు. అప్పటికి ఆరింది.

నాకు పాతిక శాతం కాలిందన్నారు. అరచేయి ఒక శాతం, చెయ్యి మొత్తం తొమ్మిది, వీపు పద్దెనిమిది, ఇలా లెక్కగడతారు. నా వీపులో పై సగం పైచిలుకు, కుడి చెయ్యి, మెడ వెనక భాగం. అరవై కిలోల మనిషికి పాతిక శాతం కాలితే మొదటి రోజు ఆరు లీటర్ల దాకా సెలైను ఎక్కించాలట, అందులో సగం మొదటి ఎనిమిది గంటల్లోనే. కాలిన చోటు నుంచి ఒంట్లో నీరంతా ఊరి బయటికి పోతుంది. మనిషి మంటకు కాదు, ఆ నీరు పోయే చస్తాడు. అది దాటితే చీము. మొదటి వారం గడిచింది కదా, గండం గట్టెక్కిందని మా అక్క మొక్కు తీర్చుకోవడానికి బయల్దేరింది. ఆ రాత్రే నాకు చలిజ్వరం వచ్చింది. మొక్కు వాయిదా పడింది.

కట్లు మార్చే పొద్దుటి గురించి రాయాలంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మంచం మీద ఇనపకమ్మీల చట్రం, దాని మీద దుప్పటి, పైన దోమతెర. ఈగ వాలకూడదు. ట్రాలీ చక్రాల చప్పుడు వార్డు అవతలి చివర వినపడగానే అందరం మాటలు ఆపేసేవాళ్లం. సిస్టరు సెలైను పోసి గాజుగుడ్డను నాననిస్తుంది. ఓపికున్న సిస్టరయితే బాగా నాననిస్తుంది, పని ఒత్తిడిలో ఉన్న రోజు నాననివ్వదు. ఆమె తప్పు కాదు, ఇద్దరు సిస్టర్లకు వార్డంతా. గుడ్డతో పాటు కొత్తగా వస్తున్న పలుచటి పొర ఊడి వస్తుంది. తర్వాత తెల్లటి మందు పూస్తారు, అది చల్లగా ఉంటుంది. ఆ చల్లదనం కోసం ముందు నొప్పంతా ఓర్చుకునేవాణ్ణి. రోజూ నాలుగు గుడ్లు తినమనేవారు. మాంసం మళ్లీ పట్టాలంటే తిండే మందు.

నడవా అవతల ఆడవాళ్ల వార్డు. మగవాళ్ల వైపు నాలాంటి వాళ్లం కొద్దిమందిమి, బాయిలర్ దగ్గర కాలినవాడు, కరెంటు పట్టుకున్నవాడు. అటువైపు మంచాలెప్పుడూ నిండే ఉండేవి. పద్దెనిమిదేళ్లు, ఇరవై ఏళ్లు. 'స్టవ్వు పేలింది' అని చెప్పేవాళ్లు. కిరసనాయిలు స్టవ్వులు నిజంగానే పేలతాయి. పిన్ను మూసుకుపోయి, ఎక్కువగా గాలి కొడితే పేలతాయి. వెలుగుతుండగా కిరసనాయిలు పోస్తే ఎగజిమ్ముతాయి. కానీ స్టవ్వు పేలితే ముందు చేతులు, మొహం కాలతాయి కదా, ఈ పిల్లకు నడినెత్తి నుంచి ఎందుకు కాలిందని ఒక సిస్టరు మా ముందే అంది. అని వెంటనే నోరు నొక్కుకుంది. రాత్రుళ్లు మేజిస్ట్రేటు వచ్చేవారు, వాంగ్మూలం రాసుకోవడానికి. ఆయన వచ్చినప్పుడు బంధువుల్ని బయటికి పంపేవారు. వాళ్లంతా మా గుమ్మం ముందు నిలబడేవారు, అత్తవైపు ఒక గోడకు, పుట్టింటివైపు ఇంకో గోడకు. నా ఒంటి మంట గురించి మూలిగే నోరు అప్పుడు దానంతటదే మూతపడేది.

తొడల మీది చర్మం తీసి వీపుకు, చేతికి వేశారు. కాలిన చోటు కంటే తీసిన చోటే ఎక్కువ మండింది. పుండ్లు మానాక అసలు కష్టం మొదలైంది. మానిన చర్మం ముడుచుకుంటుంది. చంక కింద బిగుసుకుపోయి చెయ్యి పక్కటెముకలకు అతుక్కున్నట్టయింది. ఫిజియోథెరపీ అమ్మాయి గోడ ముందు నిలబెట్టి, వేళ్లతో గోడ మీద పైకి పాకించమనేది. నిన్న ఎంతదాకా వెళ్లానో పెన్సిల్‌తో గీత గీసి, ఈ రోజు దాన్ని దాటమనేది. రాత్రి నిద్రలో చెయ్యి మళ్లీ బిగిసేది, పొద్దున గీత అందేది కాదు. ఆ అమ్మాయి నాకంటే బాగా చిన్నది. 'అంకుల్, మీరు ఏడ్చినా పర్లేదు, ఆపకండి' అనేది. ఏడ్చేవాణ్ణి. ఆపలేదు. భుజం దాకా లేస్తే గొప్పన్న చెయ్యి ఇప్పుడు చెవి దాకా లేస్తుంది. తల దువ్వుకోగలను. చెమట మాత్రం ఆ చోట పట్టదు, వేసవి వస్తే ఒళ్లు కుతకుతలాడుతుంది.

డబ్బు విషయం పొడుగు చేయను. లారీకి ఇన్సూరెన్సు ఉంది. సర్వేయరొకాయన వచ్చి, గడ్డి తడిదేమో, దానంతటదే అంటుకుందేమో అని అడిగాడు. అలా అంటుకోవడం అబద్ధం కాదు. వానకు తడిసిన గడ్డిని వాము వేస్తే లోపల కుళ్లి వేడెక్కుతుంది, చెయ్యి పెడితే కాలుతుంది, రోజులు గడిస్తే లోపల్నుంచి నిప్పు పుడుతుంది. అందుకే తడి అనుమానం ఉంటే మావాళ్లు ఉప్పు చల్లుతూ వాము వేస్తారు. కానీ అది వారాల పని. ఆ రోజే ఎత్తిన ఎండుగడ్డి గంటల్లోనే దానంతటదే అంటుకోవడం ఏ రైతూ చూడలేదు. ఆయనకు ఆ సంగతి చెప్తే, సరేనని, లోడు ఎత్తెంత అని అడిగాడు. అక్కడితో ఇన్సూరెన్సు ఆశ పోయింది. అప్పు తీరడానికి మా బావ ఎద్దులు పోయాయి, మా అక్క గాజులు పోయాయి. గడ్డి వ్యాపారం మానేశాం.

మొన్నామధ్య మా మేనకోడలి పెళ్లికి బాబాయి నరసరావుపేట నుంచి వచ్చాడు. ముసలివాడయ్యాడు, మోచేతి మీద మచ్చ అలాగే ఉంది. బంతిలో నా పక్కనే కూర్చున్నాడు. ఆ ఊరివాళ్లు ఇప్పటికీ నిన్ను తలుచుకుంటారు బాబాయ్, ఊరిని కాపాడాడంటారు అన్నాను. ఆయన పప్పు కలుపుకుంటూ తల అడ్డంగా ఊపాడు. "ఏం కాపాడటం రా! అక్కడ ఆపితే ఊరంటుకునేది. అంటుకుంటే నన్ను బతకనిచ్చేవాళ్లా? భయపడి తోలాను. ఖాళీ చేను కనపడింది, దింపాను."

వడ్డిస్తున్న మా అక్క వదల్లేదు. "అంత భయమైతే తలుపు తీసుకుని దూకేయొచ్చుగా బాబాయ్, మా ఆయన్ని దింపేసినట్టు!"

బాబాయి కాసేపు ఆలోచించాడు. "బండి నాది కాదు కదమ్మా, ఓనరుది. వదిలేసి ఎట్లా పోతాను" అన్నాడు. ఆ ఓనరు మర్నాడే ఆయన్ని పనిలోంచి తీసేశాడని మాకు ఆ బంతిలోనే తెలిసింది.